డిస్కు మారినా రికవరీ బతకాలంటే

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. ఊరంతా దాన్ని సీటీసీ అనే పిలుస్తుంది. అక్కడి కంప్యూటర్ షాపుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. "అన్నా, ల్యాప్‌టాప్ మస్తు స్లో అయింది. ఎస్‌ఎస్‌డీ ఏసి, ఉన్నది ఉన్నట్టు దాంట్లకి ఎక్కియ్యాలె. ఏదీ పోవద్దు." కౌంటర్ అవతలి నుంచి వచ్చే జవాబూ తెలిసిందే. "క్లోన్ కొడితే అన్నీ అట్లనే వస్తయ్." ఎస్‌ఎస్‌డీ అంటే పాత హార్డ్ డిస్కు కన్నా వేగమైన డిస్కు, క్లోన్ అంటే పాత డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదానిలోకి కాపీ చేయడం. అన్నట్టే వస్తాయి కూడా. ఐదు నిమిషాలు పట్టిన విండోస్ అర నిమిషంలో లేస్తుంది. డెస్క్‌టాప్ మీది ఐకాన్లు పెట్టిన చోటే ఉంటాయి. డబ్బులిచ్చి సంతోషంగా ఇంటికి వెళ్తారు.

అసలు సంగతి బయటపడేది నెలల తర్వాత. ఒకరోజు అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి విండోస్ లేవదు. చెడిన విండోస్‌ను మళ్లీ లేపేందుకు కంపెనీ ఇచ్చిన రికవరీ ఉంది కదా అన్న ధైర్యంతో కీబోర్డు మీది ఎఫ్11 నొక్కితే ఏమీ జరగదు. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి చూస్తే రికవరీకి కేటాయించిన భాగం, అంటే రికవరీ పార్టిషన్, కనిపిస్తుంది. ఒక్క ఎంబీ తగ్గలేదు, లోపల ఫైళ్లన్నీ ఉన్నాయి. అన్నీ ఉండి కూడా అక్కరకు రాలేదు.

ఎందుకిలా? రికవరీ పనిచేయాలంటే ఆ పార్టిషన్‌లోని ఫైళ్లు ఉంటే చాలదు. అవి ఏ డిస్కులో, ఎన్నో చోట ఉన్నాయో చెప్పే గుర్తులు ఇంకా మూడు నాలుగు చోట్ల రాసి ఉంటాయి. క్లోనింగ్‌లో ఫైళ్లు దాదాపు ఎప్పుడూ క్షేమంగానే వస్తాయి, తప్పిపోయేవి ఆ గుర్తులే. ఇల్లు అంబర్‌పేట నుంచి కూకట్‌పల్లికి మారింది, గ్యాస్ బుక్కులో మాత్రం పాత చిరునామాయే ఉంది. సిలిండర్ ఎక్కడికి పోతుంది? క్లోన్ చేసిన చాలా ల్యాప్‌టాప్‌లలో రికవరీ పరిస్థితి ఇదే.

రికవరీ అంటే ఏది?

ఇక్కడ చాలామంది రెండు వేరు వేరు వస్తువులను ఒకే పేరుతో పిలుస్తారు. క్లోనింగ్ దగ్గర వచ్చే గందరగోళంలో సగం దీనివల్లే.

మొదటిది విండోస్ సొంత రికవరీ, విండోస్ ఆర్‌ఈ. విండోస్ లేవనప్పుడు వచ్చే నీలం తెర, ట్రబుల్‌షూట్, స్టార్టప్ రిపేర్, రీసెట్, కమాండ్ ప్రాంప్ట్ అన్నీ ఇందులోవే. ఇదంతా విన్‌ఆర్‌ఈ డాట్ విమ్ అనే ఒకే ఒక్క ఫైలు. అది ఉండే పార్టిషన్ సాధారణంగా అర జీబీ నుంచి 1 జీబీ వరకు ఉంటుంది. రెండోది ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టిన ఫ్యాక్టరీ ఇమేజ్. కొన్న రోజు డబ్బాలోంచి తీసినప్పుడు ల్యాప్‌టాప్ ఎలా ఉందో, డ్రైవర్లతో సహా మళ్లీ అలా చేసేది. ఇది 10 నుంచి 20 జీబీ దాకా చోటు తీసుకుంటుంది. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్ ఎఫ్10, అసుస్‌లో ఎఫ్9, లెనోవోలో పవర్ బటన్ పక్కన సూదితో నొక్కే నోవో బటన్, ఇవన్నీ ఈ రెండోదాన్ని లేపడానికి పుట్టిన దారులు.

ఈ రెండో రకానికి ఒకప్పుడు ఎంతో విలువ ఉండేది. విండోస్ 7 కాలంలో కంపెనీలు డీవీడీ ఇవ్వడం మానేశాయి. ల్యాప్‌టాప్ అడుగున అతికించిన స్టిక్కర్ మీద ప్రొడక్ట్ కీ ఉండేది, రెండేళ్లకు అక్షరాలు అరిగిపోయేవి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ ఇమేజ్ పోయిందంటే అసలైన విండోస్ పోయినట్టే. 2012లో విండోస్ 8తో కీ మదర్‌బోర్డు మీద ఉండి కంప్యూటర్‌ను మొదట లేపే బయాస్‌లోకి చేరింది. 2015లో వచ్చిన విండోస్ 10 రీసెట్‌కు వేరే ఇమేజ్ అవసరమే లేకుండా చేసింది, సీ డ్రైవ్‌లో ఉన్న సిస్టమ్ ఫైళ్ల నుంచే విండోస్‌ను తిరిగి కట్టుకుంటుంది. 2020లో వచ్చిన, 2004 అనే నంబరున్న వెర్షన్ నుంచి విండోస్‌ను ఇంటర్నెట్ నుంచే దించుకునే క్లౌడ్ డౌన్‌లోడ్ కూడా తోడైంది. డిస్కు మార్చినంత మాత్రాన విండోస్ యాక్టివేషన్ పోదు, ఆ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది.

కాబట్టి దేన్ని కాపాడుకోవాలో ముందే తేల్చుకోవడం మంచిది. విండోస్ ఆర్‌ఈ తప్పనిసరి. ఫ్యాక్టరీ ఇమేజ్ విషయంలో నిర్మొహమాటంగా ఆలోచించాలి. 2013లో కొన్న ల్యాప్‌టాప్‌లో ఆ ఇమేజ్ పనిచేసినా అది తీసుకెళ్లేది విండోస్ 8కి. విండోస్ 7కు సపోర్ట్ 2020 జనవరి 14న, 8.1కి 2023 జనవరి 10న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ముగిశాయి. అంత పాత విండోస్ కోసం కొత్త ఎస్‌ఎస్‌డీలో 15 జీబీ అట్టే పెట్టడం దండగ. దాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా ఎక్స్‌టర్నల్ డిస్కులో దాచుకుంటే, ఎప్పుడైనా అసలు డ్రైవర్లు కావాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది. ల్యాప్‌టాప్ ఇంకా వారంటీలో ఉంటే, లేదా కంపెనీ సైట్‌లో డ్రైవర్లు దొరకకపోతే లెక్క వేరు, అప్పుడు దాన్నీ ఎస్‌ఎస్‌డీలోకి తెచ్చుకోవాల్సిందే.

గుర్తులు ఎక్కడెక్కడ ఉంటాయి

విండోస్ ఆర్‌ఈ చిరునామా మొదట ఉండేది రీఏజెంట్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే చిన్న ఫైలులో. అది సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డర్లలో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు. అందులో మూడు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, ఫైలు ఉన్న ఫోల్డర్ పేరు. రెండు, డిస్కు గుర్తింపు. డిస్కులో ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసుకునే పద్ధతులు రెండు. పాత ఎంబీఆర్ పద్ధతిలో అది 4 బైట్ల సిగ్నేచర్, కొత్త జీపీటీ పద్ధతిలో జీయూఐడీ అనే పొడవాటి నంబరు. మూడోది ఆఫ్‌సెట్. అంటే డిస్కు మొదటి నుంచి ఎన్ని బైట్ల దూరంలో ఆ పార్టిషన్ మొదలవుతుందో చెప్పే అంకె.

ఆ మూడోదే ప్రాణం తీస్తుంది. 500 జీబీ డిస్కులో రికవరీ పార్టిషన్ 464వ జీబీ దగ్గర మొదలైందనుకుందాం. దాన్ని 480 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి తెస్తే అది 446 దగ్గరికి జరగక తప్పదు. క్లోనింగ్ ప్రోగ్రామ్ పార్టిషన్‌ను జరుపుతుంది, డిస్కు మీది పార్టిషన్ టేబుల్‌లో కొత్త చోటు రాస్తుంది. సీ డ్రైవ్ లోపల ఒక మూల ఫోల్డర్‌లో ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలులో అంకె మార్చాలన్న ధ్యాస చాలా ప్రోగ్రాములకు ఉండదు.

రెండో చోటు బీసీడీ, అంటే బూట్ సమయంలో ఏది ఎక్కడి నుంచి లేపాలో చెప్పే చిట్టా. ఇందులో విండోస్‌కు ఒక పద్దు, రికవరీకి ఒక పద్దు విడిగా ఉంటాయి. క్లోన్ చేసేటప్పుడు కొన్ని ప్రోగ్రాములు కొత్త డిస్కుకు కొత్త గుర్తింపు ఇస్తాయి, పాతదీ కొత్తదీ ఒకేసారి తగిలించినా గొడవ రాకూడదని. అలా ఇచ్చినప్పుడు విండోస్ పద్దును సరిదిద్దుతాయి, లేకపోతే కంప్యూటర్ లేవదు, కస్టమర్ అప్పుడే తిరిగొస్తాడు. రికవరీ పద్దు మాత్రం పాత డిస్కునే చూపిస్తూ ఉండిపోతుంది. అది చెడినా ఆ రోజు ఎవరికీ తెలియదు.

మూడోది పార్టిషన్ రకం. ప్రతి పార్టిషన్‌కు టేబుల్‌లో ఒక రకం రాసి ఉంటుంది. ఎంబీఆర్‌లో రికవరీకి 27 అనే నంబరు. జీపీటీలో దానికంటూ ప్రత్యేకమైన జీయూఐడీ ఉంది, దానితోపాటు ఈ పార్టిషన్‌కు డ్రైవ్ లెటర్ ఇవ్వొద్దు, ఇది అవసరమైనది, తీసేయొద్దు అని చెప్పే ఆట్రిబ్యూట్లు ఉంటాయి. క్లోన్ అయ్యాక ఉన్నట్టుండి మై కంప్యూటర్‌లో కొత్తగా ఒక ఇ డ్రైవో ఎఫ్ డ్రైవో కనిపిస్తూ, నిండిపోయిందంటూ ఎర్రగా హెచ్చరిస్తోందంటే కారణం ఇదే. రికవరీ పార్టిషన్ మామూలు డేటా పార్టిషన్‌గా కాపీ అయింది. చోటు ఖాళీ చేద్దామని ఇంట్లో ఎవరో ఒకరు అందులోని ఫైళ్లు డిలీట్ చేసేస్తారు కూడా.

ఇక నాలుగోది, ఫ్యాక్టరీ ఇమేజ్‌ను లేపే మీట. పాత ఏసర్, డెల్ ల్యాప్‌టాప్‌లలో ఆ మీటను కనిపెట్టే కోడ్ డిస్కు మొట్టమొదటి సెక్టార్‌లోనే, అంటే మొదటి చిన్న ముక్కలోనే ఉండేది. కంపెనీ అక్కడ తన సొంత ఎంబీఆర్ రాసేది. పార్టిషన్లు మాత్రమే కాపీ చేసే ప్రోగ్రామ్ ఆ 512 బైట్ల సెక్టార్‌ను వదిలేసి మామూలు విండోస్ కోడ్ పెడుతుంది. క్లోన్ చేసిన డిస్కు లేవనప్పుడు రిపేర్ కోసం కొట్టే ఫిక్స్ ఎంబీఆర్ కమాండ్ చేసేదీ అదే. విండోస్ లేస్తుంది, ఆల్ట్ ఎఫ్10 శాశ్వతంగా మూగబోతుంది. అలాంటి పాత మోడళ్లలో మొదటి సెక్టార్‌తో సహా మొత్తం డిస్కును కాపీ చేయడమే దారి. ఏసర్‌లో దీనికి తోడు బయాస్‌లో డీటూడీ రికవరీ అనే సెట్టింగ్ ఎనేబుల్ అయి ఉండాలి. డిస్కు మార్చేటప్పుడు బయాస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి ఉంటే దాన్ని ఒకసారి చూసుకోవాలి.

500 నుంచి 480కి

షాపులో 500 జీబీ డిస్కుకు బదులు ఎక్కువగా చేతిలో పెట్టేది 480 జీబీ ఎస్‌ఎస్‌డీ. చూడటానికి తేడా చిన్నదే. కానీ 500 జీబీ డిస్కులో 97,67,73,168 సెక్టార్లు ఉంటాయి, 480 జీబీ దానిలో 93,77,03,088. ఒక్కో సెక్టార్ 512 బైట్లు కాబట్టి తేడా దాదాపు 20 జీబీ. విండోస్ లెక్కించే పద్ధతిలో ఇవి 465, 447గా కనిపిస్తాయి. సీ డ్రైవ్‌లో వాడింది 120 జీబీయే అయినా, డిస్కు చివరి 20 జీబీలో ఏముందన్నదే ప్రశ్న. చాలాసార్లు అక్కడ ఉన్నది రికవరీయే.

చోటు చాలనప్పుడు తొందరలో చేసే పని రికవరీ పార్టిషన్ టిక్ తీసేయడం. ఈఎఫ్ఐ (బూట్ ఫైళ్లుండే చిన్న పార్టిషన్), సీ డ్రైవ్ రెండూ వస్తే చాలు, లేస్తుంది కదా అంటారు. ఎస్‌ఎస్‌డీ కంపెనీలు ఉచితంగా ఇచ్చే క్లోనింగ్ ప్రోగ్రాముల్లో కొన్ని తయారీదారు రికవరీని అడగకుండానే వదిలేస్తాయి. ఇలా కాకుండా పాత డిస్కులోనే సీ డ్రైవ్‌ను ముందుగా 25, 30 జీబీ కుదించి, ఆ తర్వాత అన్ని పార్టిషన్లతో క్లోన్ చేయాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ నొక్కితే ఒక్కోసారి వందల జీబీ ఖాళీ ఉన్నా కొంచెమే ఇస్తానంటుంది. విండోస్ తన పనికి వాడుకునే హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రీస్టోర్ పాయింట్లు డ్రైవ్ మధ్యలో కదలకుండా కూర్చుంటాయి, అందుకు. వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే దారికొస్తుంది.

పెద్ద డిస్కుకు వెళ్లేటప్పుడు చిక్కు ఇంకో రకంగా వస్తుంది. 500 నుంచి 1 టీబీకి ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే, సీ డ్రైవ్ తర్వాత రికవరీ, దాని తర్వాత ఖాళీ చోటు. సీ డ్రైవ్‌ను పెంచుదామంటే మధ్యలో రికవరీ అడ్డు. ఎక్స్‌టెండ్ బటన్ బూడిద రంగులోనే ఉంటుంది. అప్పుడు ఇంటర్నెట్‌లో వెతికి, పార్టిషన్లను మార్చే డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌లో ఓవర్‌రైడ్ అని కొట్టి రికవరీని తుడిచేస్తారు. ఆ పని చేయాల్సిన అవసరమే లేదు. క్లోన్ మొదలుపెట్టే ముందే రికవరీని డిస్కు చివరికి జరపమని ప్రోగ్రామ్‌లో పార్టిషన్ల హద్దు గీతలు లాగి చెప్పొచ్చు. లేదంటే మిగిలిన చోటును డి డ్రైవ్‌గా చేసుకోవచ్చు. సీ డ్రైవ్ వెంటనే రికవరీ ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ సలహా కూడా, తర్వాత అప్‌డేట్లకు చోటు కావాలంటే సీ నుంచి కొంచెం తీసి దానికి కలపడం వీలవుతుంది కాబట్టి.

ఒకే డిస్కులో రెండు, మూడు రికవరీ పార్టిషన్లు కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు. విండోస్ 10 మొదటి వెర్షన్లు రికవరీని డిస్కు మొదట్లో పెట్టేవి, తర్వాతివి సీ డ్రైవ్ వెనక పెడుతున్నాయి. అప్‌గ్రేడ్ చేసినప్పుడు పాతది ఇరుకుగా ఉంటే విండోస్ కొత్తది సృష్టించుకుని పాతదాన్ని అలాగే వదిలేస్తుంది. వీటిలో బతికున్నది ఒక్కటే. అది ఏదో తెలుసుకోకుండా ఒకటి ఉంచి ఒకటి వదిలేయడం ప్రమాదం. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రీఏజెంట్‌సీ స్లాష్ ఇన్ఫో అని కొడితే, స్టేటస్ ఎనేబుల్డా డిజేబుల్డా, ఎన్నో డిస్కులో ఎన్నో పార్టిషన్‌లో ఉందో చెబుతుంది. క్లోన్‌కు ముందు చేయాల్సిన మొదటి పని ఇదే. అప్పటికే డిజేబుల్డ్ అని ఉంటే తప్పు క్లోనింగ్‌ది కాదని కనీసం తెలుస్తుంది.

డిస్కు విప్పక ముందు

పాత డిస్కు ఆరోగ్యం చూడకుండా క్లోన్ మొదలుపెట్టకూడదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో రీఅలొకేటెడ్, పెండింగ్, అన్‌కరెక్టబుల్ సెక్టార్ల లెక్కలుంటాయి, అంటే డిస్కులో చెడిన, చెడిపోతున్న ముక్కల లెక్కలు. పెండింగ్ దగ్గర సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే ముందు డేటాను విడిగా కాపీ చేసుకోవాలి. చచ్చిపోతున్న డిస్కును మూడు గంటలు ఆపకుండా చదివించడం దాన్ని చంపడమే కావొచ్చు.

డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ గురించి షాపులో ఎవరూ అడగరు, ఓనర్‌కు అది ఉన్న సంగతే తెలియదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ దీన్ని ఇంకా విస్తరించింది. డిస్కు మారితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఆ అకౌంట్ కాలేజీ రోజుల్లో ఎవరో స్నేహితుడు తెరిచిచ్చినదై, పాస్‌వర్డ్ గుర్తులేకపోతే టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. కీని ముందే కాగితం మీద రాసుకుని, ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆపేసి, డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగి, అప్పుడు క్లోన్ చేయడం మేలు. కొత్త డిస్కులో అన్నీ బాగున్నాయని తేలాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి పోతుంది. క్లోన్‌జిల్లా లాంటి క్లోనింగ్ ప్రోగ్రాములు బయటి నుంచి వచ్చి చూసినప్పుడు ఆ డ్రైవ్ ఇంకా వాడుకలో ఉన్నట్టే కనిపించి ముందుకు పోనివ్వవు. పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్ ఆపితే ఇదీ ఆగుతుంది, పైన చెప్పిన కుదింపుకూ సాయమవుతుంది.

వీటన్నిటి తర్వాత చేసే ఒక చిన్న పని మిగతా తలనొప్పుల్లో సగం తీసేస్తుంది. క్లోన్‌కు ముందు రీఏజెంట్‌సీ స్లాష్ డిజేబుల్ అని కొట్టాలి. అప్పుడు విండోస్ ఆ విమ్ ఫైలును రికవరీ పార్టిషన్ నుంచి సీ డ్రైవ్‌లోకి తెచ్చుకుని, చిరునామాలన్నీ తుడిచేస్తుంది. క్లోన్ అయ్యాక కొత్త డిస్కు నుంచి లేచి స్లాష్ ఎనేబుల్ కొడితే, ఫైలును కొత్త చోట పెట్టి చిరునామాలు తాజాగా రాసుకుంటుంది. తప్పుడు చిరునామా మోసుకెళ్లే అవకాశమే ఉండదు. పార్టిషన్లు మార్చే ముందు మైక్రోసాఫ్ట్ తన సూచనల్లో చెప్పేదీ ఇదే క్రమం.

క్లోన్ కొట్టే రోజు

విండోస్ నడుస్తుండగానే లోపలి నుంచి కాపీ చేసే ప్రోగ్రాములు ఒక రకం, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి బయటి నుంచి కాపీ చేసేవి ఇంకో రకం. చాలాకాలం అందరి నోళ్లలో నానిన మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌కు 2024 మొదట్లో సపోర్ట్ ఆగిపోయింది. తైవాన్‌లో తయారైన క్లోన్‌జిల్లా ఇప్పటికీ ఉచితం, నమ్మకమైనది. అయితే కొత్త డిస్కు పాతదానికన్నా చిన్నదైతే అది మామూలుగా ఒప్పుకోదు, సెట్టింగులు మార్చాలి. కొత్తవాళ్లకు ఆ తెరలు భయపెట్టేవే. లైనక్స్ తెలిసినవాళ్లు డీడీ అనే కమాండ్‌తో మొత్తం డిస్కును పెద్దదానిలోకి దించితే, జీపీటీ టేబుల్ రెండో ప్రతి డిస్కు చివర ఉండాల్సింది మధ్యలో చిక్కుకుంటుంది, దాన్ని చివరికి జరపడం మరవకూడదు.

సమయం లెక్క తేలికే. పాత డిస్కు సెకనుకు 100 ఎంబీ ఇస్తే 500 జీబీ మొత్తానికి 83 నిమిషాలు. ఎస్‌ఎస్‌డీని తగిలించిన కేబుల్ యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే సెకనుకు 35 ఎంబీ లెక్కన నాలుగు గంటలు. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు చూసి పెట్టడంలోనే అంత తేడా ఉంది. ఇంట్లో చేసుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి. మే నెలలో సాయంత్రం గాలివాన కొట్టి కరెంటు పోవడం హైదరాబాద్‌లో మామూలే, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగదు. పొద్దున్నే మొదలుపెట్టడం నయం.

కాపీ అయ్యాక కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, పాత డిస్కు తీసేసి, కొత్తదాన్ని ఒక్కదాన్నే పెట్టి మొదటిసారి లేపాలి. ప్రోగ్రామ్ కొత్త గుర్తింపు ఇవ్వకపోయి ఉంటే, రెండూ ఉండగా లేపినప్పుడు ఒకే గుర్తింపుతో రెండు డిస్కులు కనిపిస్తాయి. ఎంబీఆర్ డిస్కుల్లో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, దాన్ని చేత్తో ఆన్‌లైన్ చేస్తే సిగ్నేచర్ మార్చేస్తుంది. ఆ మార్పుతో బీసీడీలోని చిరునామాలు చెల్లకుండా పోతాయి.

పనిచేస్తోందని తేలేది ఎప్పుడు

కొత్త డిస్కు నుంచి విండోస్ లేచాక రీఏజెంట్‌సీ ఎనేబుల్ చేసి, ఇన్ఫో చూడాలి. ఎనేబుల్డ్ అని చెబితే సగం పని అయింది. పార్టిషన్ నంబరు కూడా చూడాలి. రికవరీ పార్టిషన్ రకం తప్పుగా ఉన్నా, అందులో చోటు లేకపోయినా, విండోస్ చప్పుడు చేయకుండా సీ డ్రైవ్‌లోనే రికవరీని పెట్టుకుంటుంది. సీ డ్రైవ్ చెడితే రికవరీ కూడా దానితోపాటే పోతుంది. అలా జరిగితే డిజేబుల్ చేసి, డిస్క్‌పార్ట్‌లో పార్టిషన్ రకాన్ని, ఆట్రిబ్యూట్లను సరిదిద్ది, మళ్లీ ఎనేబుల్ చేయాలి. ఇమేజ్ దొరకలేదు అని విండోస్ చెబితే విమ్ ఫైలే పోయిందని అర్థం. అదే వెర్షన్ విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఐఎస్ఓ ఫైలులోని ఇన్‌స్టాల్ డాట్ విమ్ లోపల దాని ప్రతి ఒకటి ఉంటుంది, తీసి పెట్టుకోవచ్చు.

కాగితం మీద సరిపోయినంత మాత్రాన నమ్మకూడదు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, నీలం తెర దాకా వెళ్లి, ట్రబుల్‌షూట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సీ డ్రైవ్ ఫైళ్లు కనిపిస్తున్నాయో చూడాలి. ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ చేశాక ఇంకోసారి చూస్తే, రాసి పెట్టుకున్న 48 అంకెలు నిజమైనవో కాదో కూడా తేలిపోతుంది. ఫ్యాక్టరీ ఇమేజ్ తెచ్చుకున్నవాళ్లు మీట నొక్కి మొదటి తెర వచ్చేదాకా వెళ్లి, అక్కడే వెనక్కి రావాలి. ముందుకు వెళ్తే సీ డ్రైవ్ తుడుచుకుపోతుంది. కొన్ని కంపెనీల ప్రోగ్రాములు పార్టిషన్ల వరుస, సంఖ్య కొన్నప్పుడు ఉన్నట్టే ఉంటే తప్ప పనిచేయవు, ఆ సంగతి కూడా ఆ తెర దగ్గరే తెలుస్తుంది.

రికవరీ పార్టిషన్‌ను మరీ ఇరుకుగా ఉంచితే ఏమవుతుందో 2024 జనవరిలో ప్రపంచమంతా చూసింది. విండోస్ ఆర్‌ఈ ద్వారా బిట్‌లాకర్‌ను దాటే లోపాన్ని మూసేందుకు మైక్రోసాఫ్ట్ జనవరి 9న విండోస్ 10కి కేబీ5034441 అనే అప్‌డేట్ ఇచ్చింది. దానికి రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. లక్షణంగా ఉన్న కంప్యూటర్లలో కూడా ఆ ఖాళీ లేక, 80070643 అనే ఎర్రర్‌తో అప్‌డేట్ పదే పదే ఫెయిల్ అయింది. సీ డ్రైవ్ నుంచి 250 ఎంబీ తీసి రికవరీకి కలపమని మైక్రోసాఫ్టే చెప్పాల్సి వచ్చింది. క్లోన్ చేసేటప్పుడు అన్ని గీతలూ ఎలాగూ చేతిలోనే ఉంటాయి. అప్పుడే రికవరీని 1 జీబీకి పెంచుకుంటే ఖర్చేమీ లేదు.

"ఇంత లొల్లి ఎందుకు, ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఏస్తే అయిపోతది" అనే షాపతని మాటలో నిజం లేకపోలేదు. బ్రౌజర్, కొన్ని ఫోటోలు తప్ప ఏమీ లేని ల్యాప్‌టాప్‌కు అదే సరైన దారి, రికవరీ కూడా తాజాగా సరైన చోట ఏర్పడుతుంది. కానీ అందరి ల్యాప్‌టాప్ అలాంటిది కాదు. అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్‌తో పదిహేనేళ్లుగా శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేస్తున్న డీటీపీ ఆపరేటర్ ఉంటాడు. ఆ సీడీలు ఎప్పుడో పోయాయి, కీబోర్డ్ లేఅవుట్ ఎవరో అమర్చి వెళ్లారు. ట్యాలీ డేటా, డిజిటల్ సంతకం డ్రైవర్లు, రెండు ప్రింటర్లు కుదిరి ఉన్న అకౌంటెంట్ ల్యాప్‌టాప్ ఉంటుంది. వాళ్లకు ఫార్మాట్ అంటే వారం రోజుల పని పోవడం. వాళ్లు క్లోన్ అడగడం న్యాయం. రికవరీ అందరికంటే ఎక్కువ అవసరమయ్యేదీ వాళ్లకే. షాపులో డబ్బులిచ్చే ముందు, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేసి ఆ నీలం తెర ఒకసారి చూపించమని అడగొచ్చు. రెండు నిమిషాల పని.

పాత డిస్కును వెంటనే ఎవరికీ ఇవ్వకూడదు. కొత్తదానిలో ఒక పెద్ద విండోస్ అప్‌డేట్ సాఫీగా దాటేదాకా అదే అసలైన బ్యాకప్. ఆ తర్వాత అమ్మాలనుకున్నా, కేసులో పెట్టి ఎక్స్‌టర్నల్‌గా వాడాలనుకున్నా ముందు పూర్తిగా తుడవాలి. ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల ఫోటోలు అన్నీ ఇంకా దానిలోనే ఉన్నాయి, క్విక్ ఫార్మాట్‌తో అవి పోవు. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ ఆల్ అనే కమాండ్ ప్రతి సెక్టార్ మీదా సున్నాలు రాస్తుంది, 500 జీబీకి గంటన్నర పైనే పడుతుంది. అది కొట్టే ముందు ఏ డిస్కును ఎంచుకున్నారో లిస్టులో రెండుసార్లు చూసుకోవాలి. 465 జీబీ అని ఉన్నది పాతది, 447 జీబీ అని ఉన్నది కొత్తది.